సిస్టమ్‌లో పెండింగ్ చూపిస్తోంది

"డియర్ పేరెంట్, మీ వార్డ్ లంచ్ ఫీజు పెండింగ్‌లో ఉంది. వెంటనే చెల్లించగలరు. ఇప్పటికే చెల్లించి ఉంటే ఈ మెసేజ్‌ను పట్టించుకోవద్దు."

నెలలో మొదటి వారం దాటిందంటే నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో, కావలి, కందుకూరు, మార్కాపురం లాంటి ఊళ్ళలోనో ప్రైవేటు బడికి పిల్లల్ని పంపే ఇళ్ళల్లో ఫోన్లు ఈ పాట అందుకుంటాయి. ఎక్కువసార్లు ఇంగ్లీషులో, ఎప్పుడన్నా తెలుగులో. మొదట ఎస్సెమ్మెస్, వెనకే వాట్సాప్, తర్వాత యాప్ మీద ఎర్ర చుక్క, ఆఖరికి రికార్డు చేసిన గొంతుతో ఫోను. డబ్బు కట్టనివాళ్ళకు ఇవి రావడంలో వింతేమీ లేదు. ఒళ్ళు మండించేవి కట్టిన తర్వాత వచ్చేవి.

ఆ మెసేజ్‌లో మూడో వాక్యాన్ని కాస్త ఆగి చదవాలి. "మీరు నాకు బాకీ ఉన్నారు, లేకపోతే వదిలెయ్యండి" అని ఏ అంగడివాడూ అనడు. ముందు చిట్టా తిప్పుతాడు, పేరు మీద వేలు పెట్టి చూసుకుంటాడు, అప్పుడు నోరు తెరుస్తాడు. బడి పంపే మెసేజ్ చిట్టా తెరవకుండానే నోరు తెరుస్తుంది. 'ఇప్పటికే చెల్లించి ఉంటే' అనే మాట చూడ్డానికి మర్యాదగానే ఉంటుంది గానీ, లెక్క తమ దగ్గర తేలలేదని ఒప్పుకోవడమే అది. తేల్చుకునే పని ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది. పాత రసీదు వెతికి, ఫోన్‌పేలో వెనక్కి వెనక్కి జరిపి చూసి, స్క్రీన్‌షాట్ తీసి, పని మానుకుని బడికి పోతే ఫ్రంట్ ఆఫీసులో వినిపించే జవాబు ఒకటే: "సిస్టమ్‌లో పెండింగ్ చూపిస్తోంది సార్."

ఇంతకీ ఆ సిస్టమ్‌కు ఏం తెలుసు, ఏం తెలియదు, తెలిసినదాన్ని ఎవరి కోసం వాడుతోంది? కోపం ఎందుకు వస్తోందో అర్థం కావాలంటే అక్కడికే పోవాలి.

ఎవరి కంచం, ఎవరి బిల్లు

ప్రభుత్వ బడిలో చదివే పిల్లల ఇళ్ళకు ఈ మెసేజ్ రాదు. 1995 ఆగస్టు 15న కేంద్రం మొదలుపెట్టిన మధ్యాహ్న భోజన పథకం తొలి ఏళ్ళలో చాలా రాష్ట్రాల్లో బియ్యం పంచడంతోనే సరిపోయింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించాక, 2003 నుంచి ఉమ్మడి రాష్ట్రంలోని బడుల్లో పొయ్యి వెలిగింది. పేర్లు మారుతూ వచ్చాయి. మొన్నటిదాకా జగనన్న గోరుముద్ద, ఇప్పుడు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. 2025 జనవరి 4 నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకూ పెడుతున్నారు. అక్కడ కంచం ముందు కూర్చున్న పిల్లకు బిల్లు లేదు.

ప్రైవేటు బడుల్లో అన్నం మూడు దారుల్లో వస్తుంది. ఇంటి నుంచి బాక్సు ఒకటి. ఏడాది ఫీజులోనే భోజనం కలిపేసే బడులు రెండోది. ఎక్కువ గొడవ మూడోదానితో. బడి ఒక కేటరర్‌తో మాట్లాడుకుని, లంచ్ ఫీజు అని విడిగా నెలనెలా వసూలు చేస్తుంది. అన్నం పెట్టేది కేటరర్, డబ్బు అడిగేది బడి, అడిగే గొంతు మాత్రం ఎక్కడో సర్వర్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేర్‌ది. పప్పు పలచగా ఉందని ఎవరితో చెప్పాలో తెలియని తల్లికి, బాకీ గురించి అడిగేవాళ్ళు మాత్రం ముగ్గురుంటారు.

ఈ ఏర్పాటు రాకముందు క్యారేజీ మనిషి ఉండేవాడు. సైకిలు హ్యాండిల్‌కు, వెనక క్యారియర్‌కు క్యారేజీలు తగిలించుకుని, పదకొండు దాటాక ఇంటింటికీ తిరిగి బడికి చేర్చేవాడు. నెల కాగానే గుమ్మంలో నిలబడి "నెలయిందమ్మా" అనేవాడు. పిల్లాడు జ్వరమొచ్చి వారం పడుకుంటే ఆ వారం డబ్బు పట్టుకోవాలా వద్దా అన్నది ఆ గుమ్మంలోనే, రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఆ మనిషినేమీ దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు, ఆలస్యంగా వచ్చి చల్లారిన అన్నం పెట్టించిన రోజులూ ఉన్నాయి. కానీ అడిగేవాడూ జవాబు చెప్పేవాడూ అక్కడ ఒకడే. ఇప్పటి రిమైండర్‌లో ఈ రెండూ విడిపోయాయి.

డబ్బు చేరినా లెక్క చేరదు

సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పిల్లవాడికి ఒక ఖాతా ఉంటుంది. అందులో టర్మ్ ఫీజు, వ్యాను, పుస్తకాలు, యూనిఫాం, లంచ్ అని గళ్ళుంటాయి. ప్రతి గడికీ గడువు తేదీ. గడువు దాటి, గడిలో సొమ్ము మిగిలి ఉంటే ఫలానా గంటకు ఆ ఇంటి నంబరుకు మెసేజ్ పంపమని ఒకసారి చెప్పి పెడతారు. ఇక రోజూ ఆ గంటకు అది తన పని చేసుకుపోతుంది. ఆదివారం అయినా, దసరా సెలవులైనా దానికి పట్టదు. గడిలో డబ్బు జమ వేసే పని మాత్రం చాలా బడుల్లో మనిషిదే. అడిగేది యంత్రం, రాసుకునేది గుమాస్తా. యంత్రానికి సెలవు లేదు, గుమాస్తాకు ఉంది. శుక్రవారం సాయంత్రం కట్టిన ఇంటికి శనివారం, ఆదివారం, సోమవారం పొద్దున రిమైండర్లు రావడం వెనక పెద్ద రహస్యమేమీ లేదు.

బడి యాప్‌లోకి పోయి, అక్కడి పేమెంట్ పేజీ ద్వారా కడితే ఈ చిక్కు తక్కువ. ఏ పిల్లవాడి పేరున ఏ గడికి కడుతున్నారో ఆ పేజీకి ముందే తెలుసు కాబట్టి రసీదు తనంతట తనే పుడుతుంది. కానీ ఈ జిల్లాల్లో చాలా ఇళ్ళు అలా కట్టవు. కౌంటర్ మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తాయి. లేకపోతే ఫ్రంట్ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో తెప్పించుకున్న కోడ్‌కు ఇంటి నుంచే వేస్తాయి. డబ్బు నిమిషంలో బడి ఖాతాకు చేరుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించేది ఒక సొమ్ము, పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు, పంపినవాళ్ళ పేరు. పంపింది మేనమామ అయితే మేనమామ పేరే ఉంటుంది. అతని మేనల్లుడు ఆరో తరగతి బి సెక్షన్‌లో ఉన్నాడని బ్యాంకుకు తెలియదు. స్క్రీన్‌షాట్ ఎవరన్నా పంపాలి, దాన్ని గుమాస్తా స్టేట్‌మెంట్‌తో పోల్చి చూడాలి, అప్పుడు గడిలో జమ పడాలి. అయిదారు వందల మంది పిల్లలున్న బడిలో నెల మొదటి పది రోజులూ ఇదొక్కటే పనయితే తప్ప అది ఏ రోజుకారోజు తెగదు.

మధ్యలో ఇరుక్కున్న డబ్బుది ఇంకో కథ. ఇంటి ఖాతాలోంచి పోతుంది, అవతల చేరినట్టు కబురు రాదు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, యూపీఐలో వ్యాపారికి కట్టిన డబ్బు ఇలా తేలకుండా ఆగిపోతే లావాదేవీ జరిగిన రోజు కాక అయిదు రోజుల్లోగా వెనక్కి జమ కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. గడువంటూ ఉండటం మంచిదే. కానీ ఆ అయిదు రోజులూ డబ్బు ఇంట్లోనూ లేదు, బడిలోనూ లేదు, రిమైండర్ మాత్రం తప్పకుండా ఉంది. రెండోసారి కడదామంటే చేతిలో సొమ్ము లేదు. కట్టకపోతే రేపు పొద్దున మళ్ళీ ఫోను.

అన్నిటికన్నా ఎక్కువ జగడాలు తెచ్చేది ఇంకొకటుంది, ఎవరికీ కనపడదు. లంచ్‌కు నెలకు 1,500 అనుకుందాం. అదే పిల్లవాడికి పోయిన టర్మ్ వ్యాను ఫీజులో 800 మిగిలిపోయి ఉందనుకుందాం. తల్లి 1,500 వేసి, కింద 'లంచ్' అని కూడా రాస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో 'పాత బాకీ ముందు' అని పెట్టి ఉంటే ఆ 1,500లో 800 వ్యాను గడిలోకి పోతుంది, లంచ్ గడికి 700 మిగులుతుంది. మర్నాడు "లంచ్ ఫీజు పెండింగ్" అని మెసేజ్. కట్టిన మొత్తమెంత, అది ఎటు పోయింది అన్నది అందులో ఉండదు. తల్లి "లంచ్‌కని కట్టాను గదా, ఏంది మళ్ళీ" అంటుంది. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ చూసి "800 ఉంది మేడం" అంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే, ఇద్దరూ అవతలివాళ్ళు అబద్ధమాడుతున్నారని అనుకుంటారు. అప్పులిచ్చే సంస్థల లెక్కల్లో పాత బాకీకి ముందు జమ వేసుకోవడం మామూలే. తిండి డబ్బును అలా మళ్ళించేటప్పుడు కనీసం ఒక ముక్క చెప్పాలన్న ఆలోచన సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకు వచ్చినట్టు లేదు.

ఫోను నంబర్ల తిప్పలు కూడా తక్కువేం కాదు. అడ్మిషన్ ఫారంలో తండ్రి నంబరు రాస్తారు. ఆయన కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉంటాడు. డబ్బు కట్టేది ఇక్కడ తల్లి, మెసేజ్ పోయేది అక్కడికి. ఆయన ఫోన్ చేసి "ఇంకా కట్టలేదంట" అంటాడు, ఆమె "పొద్దున్నే కట్టాను" అంటుంది. బడి పెట్టిన నిప్పు కాపురంలో పొగ పెడుతుంది. అన్నదమ్ములు ఒకే బడిలో ఉంటే ఒకే నంబరుకు రెండు మెసేజ్‌లు, పేరు లేకుండా 'మీ వార్డ్' అని. పెద్దవాడిదో చిన్నవాడిదో తేలదు. వాడకుండా వదిలేసిన సిమ్ నంబరు 90 రోజులు గడిచాక వేరేవాళ్ళకు ఇవ్వొచ్చు కాబట్టి, పిల్లలే లేని ఇంటికి లంచ్ బాకీ కబురు రావడమూ ఉంటుంది.

ఆ భాష ఎందుకలా ఉంటుంది

మెసేజ్ ఇంగ్లీషులో ఎందుకు, రాతిమీద చెక్కినట్టు ఏళ్ళ తరబడి ఒకే మాట ఎందుకు, తిరిగి జవాబిస్తే ఎందుకు పోదు? తల్లిదండ్రులు దీన్ని బడి పొగరు అనుకుంటారు. కొంత పొగరు ఉంటే ఉండొచ్చు. అసలు కారణాలు టెలికాం నిబంధనల్లోనూ ఖర్చులోనూ ఉన్నాయి.

ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే ఒక్కో మెసేజ్‌కు 160 పడతాయి. తెలుగు అక్షరాలకు యూనికోడ్ కావాలి, అప్పుడు పట్టేవి 70 మాత్రమే. మెసేజ్ పొడుగై ముక్కలైతే ఒక్కో ముక్కకు 67. పైగా తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్కూల్' అన్న మాట కంటికి రెండక్షరాలు, లెక్కలో ఆరు. ఇంగ్లీషులో ఒక్క మెసేజ్‌లో సరిపోయే సంగతి తెలుగులో మూడు మెసేజ్‌ల ఖర్చవుతుంది. ఒక్కోదాని ధర పైసల్లోనే ఉన్నా వేల మెసేజ్‌లు పంపేవాళ్ళకు మూడింతలంటే మూడింతలే. అందుకే ఉదయగిరి నుంచి వచ్చి నెల్లూరులో కాపురముంటున్న తల్లికి తన పిల్లవాడి అన్నం సంగతి ఇంగ్లీషులో అందుతుంది. పక్కింటి పిల్లను పిలిచి చదివించుకుంటే బాకీ సంగతి వీధికి తెలుస్తుంది.

మాట మారకపోవడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు కారణం. చెత్త మెసేజ్‌లను అదుపు చేయడానికి తెచ్చిన ఆ పద్ధతిలో, మూకుమ్మడిగా ఎస్సెమ్మెస్‌లు పంపే ప్రతి సంస్థా తన పేరును, మెసేజ్ నమూనాను ముందుగా నమోదు చేయించాలి. నమూనాలో ఖాళీలు వదిలిన చోట మాత్రమే పేరు, అంకె, తేదీ మారతాయి. మిగతా మాట మార్చాలంటే మళ్ళీ నమోదు చేయించి ఆమోదం పొందాలి. మంచి ఉద్దేశంతో పెట్టిన కట్టుబాటే. కానీ మొదటిసారి హడావుడిగా రాసిన ముతక వాక్యం అలాగే గడ్డకట్టి ఉండిపోతుంది. పంపేది మామూలు నంబరు కాదు, నంబరు చోట అక్షరాలు కనిపించే హెడర్, కాబట్టి "కట్టాను" అని జవాబిద్దామన్నా దారి లేదు. ఇది ప్రచార మెసేజ్ కాదు గనక ప్రచార మెసేజ్‌లు వద్దని డీఎన్‌డీ పెట్టుకున్నా ఆగదు.

ఇదంతా విన్నాక బడిని పూర్తిగా వదిలెయ్యాలా అంటే, అదీ కాదు. ఖాళీలో పిల్లవాడి పేరు, మొత్తం, చివరగా జమైన తేదీ పెట్టుకోవడానికి ఏ నిబంధనా అడ్డు రాదు. ఫోన్ చేయాల్సిన మనిషి నంబరును నమూనాలోనే రాసి పెట్టొచ్చు. వాట్సాప్‌లో అయితే అక్షరాల లెక్క ఉండదు, తెలుగు రాస్తే అదనపు ఖర్చూ లేదు. అయినా వాట్సాప్‌లోనూ అదే 'డియర్ పేరెంట్' వస్తోందంటే, అది మరి ఖర్చు సంగతి కాదు, బద్ధకం.

మెసేజ్ చివర 'ఇక్కడ నొక్కి కట్టండి' అనే లింకు ఇంకో ప్రమాదం. ముందుగా నమోదు చేయని లింకులున్న ఎస్సెమ్మెస్‌లను 2024 అక్టోబరు నుంచి ఆపేస్తున్నారు గానీ వాట్సాప్‌కు అది వర్తించదు. వారానికి నాలుగుసార్లు బడి పేరుతో లింకు వస్తూ ఉంటే, అయిదోసారి వచ్చింది దొంగ లింకయినా వేలు దానంతటదే పోతుంది. మోసపోతే 1930కి ఫోన్ చేయమని పోలీసులు చెబుతున్నారు. ఎడాపెడా రిమైండర్లు పంపి జనాన్ని లింకులకు అలవాటు చేసిన పాపం మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు.

ఒక చెవి వినదు

ఇక్కడిదాకా చెప్పినవన్నీ సాఫ్ట్‌వేర్‌కు తెలియని సంగతులు. దానికి బాగా తెలిసినది కూడా ఒకటుంది, అసలు కోపం అక్కడే పుడుతుంది.

పిల్లవాడు బడికి రాకపోతే పదిగంటలకల్లా "మీ వార్డ్ ఈరోజు గైర్హాజరు" అని మెసేజ్ వస్తుంది. అదే సాఫ్ట్‌వేర్, అదే హెడర్. అంటే ఆ పూట పిల్లవాడు తినలేదని దానికి ఖాయంగా తెలుసు. చికెన్ పాక్స్ వచ్చి పన్నెండు రోజులు మంచంలో ఉంటే, పన్నెండుసార్లు దానికి తెలుసు. నెలాఖరున లంచ్ బిల్లు మాత్రం నిండు నెలకే వస్తుంది. హాజరు పట్టీకీ లంచ్ గడికీ మధ్య ఒక గీత గీస్తే చాలు, తినని రోజులు తగ్గిపోతాయి. ప్రోగ్రాం రాసేవాళ్ళకు అదేమంత పని కాదు. ఆ గీత చాలా బడుల్లో లేదు, ఎందుకంటే గీయమని ఎవరూ అడగలేదు. సాఫ్ట్‌వేర్ కొనేది బడి.

బడి వైపు నుంచి దీనికి జవాబుంది, అది కొట్టిపారేసేదీ కాదు. కేటరర్ తలకు ఇంతని నెలకు ఒప్పుకుంటాడు. పొద్దున ఏడింటికే బియ్యం కడుగుతారు. పదింటికి పిల్లవాడు రాలేదని తెలిసినా అప్పటికి అన్నం ఉడికిపోయింది. గ్యాసు, కూరగాయలు, వంటమనుషుల కూలి వారంవారం ఇవ్వాలి. అందరూ ఇరవయ్యో తేదీకి కడతామంటే కేటరర్ అప్పు చేసి వండాలి. సరే, ఒక్కరోజు గైర్హాజరుకు తగ్గింపు కుదరదు. ముందురోజు చెప్పిన సెలవుకు, వరసగా వారం దాటిన జబ్బుకు కూడా కుదరదా? దసరాకు, సంక్రాంతికి బడే మూసిన రోజుల సంగతేంటి? ఈ ప్రశ్నకు ఫ్రంట్ ఆఫీసులో "మేనేజ్‌మెంట్‌ని అడగాలి" అంటారు. మేనేజ్‌మెంట్ ఎవరికీ ఎస్సెమ్మెస్ పంపదు.

రావలసిన డబ్బుకు అలారం మోగుతుంది, ఇవ్వవలసిన డబ్బుకు మోగదు. నవంబరులో లంచ్ మానేసిన పిల్లవాడి డిపాజిట్ తిరిగివ్వాలని ఏ సాఫ్ట్‌వేరూ ప్రిన్సిపాల్ ఫోనుకు రోజూ పొద్దున గుర్తు చేయదు. తల్లిదండ్రులు పొరపాటున రెండుసార్లు కడితే "మీ దగ్గర అదనంగా 1,500 ఉంది" అనే కబురు రాదు. ఎక్కడో గడిలో మైనస్ గుర్తుతో పడి ఉంటుంది, అడిగితే దొరుకుతుంది.

నెలనెలా అయిదో తేదీ అనే లెక్క కూడా ఒకవైపు లెక్కే. జీతగాళ్ళ ఇళ్ళకు సరిపోతుంది. కందుకూరు, కనిగిరి, పొదిలి చుట్టుపక్కల పొగాకు రైతు ఇంట్లో డబ్బు వేలం కేంద్రంలో బేళ్ళు అమ్ముడుపోయాకే కనిపిస్తుంది, ఆ వేలాలు వేసవితో ముడిపడి ఉంటాయి. పెన్నా డెల్టాలో వరి రైతుకు కోత అయి, వడ్లు తూకమై, మిల్లు నుంచో ప్రభుత్వం నుంచో డబ్బు వచ్చిన రోజు పండగ. చీమకుర్తి క్వారీల్లో కూలికి పోయే ఇంటికి వారం కూలి లెక్క. రొయ్యల గుంటలున్నవాళ్ళకు పంట పడితే నాలుగు నెలలది ఒకేసారి కట్టగల స్తోమత ఉంటుంది, వైరస్ తగిలితే ఆ నెల ఇంట్లోకి కూడా ఇబ్బందే. తల్లికి వందనం కింద తల్లుల ఖాతాల్లో పడే 13,000 కూడా ఏడాదికి ఒకసారి వచ్చేదే. ఈ ఇళ్ళు బాకీ ఎగ్గొట్టేవి కావు. అంగళ్ళలో, ఎరువుల కొట్లలో, చివరికి బంగారం కొట్లో కూడా వీళ్ళ కాలం ప్రకారమే లెక్క నడుస్తుంది. పంట మీద కడతామంటే వ్యాపారికి అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో 'పంట మీద' అనే గడి లేదు. ఉన్నా, ఆ మాట ఎవరితో చెప్పాలి?

సిగ్గు ఎవరికి

రిమైండర్‌కు ఒక మంచి గుణం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఇది రాకముందు క్లాసులో పేర్లు చదివేవాళ్ళు. ఫీజు కట్టనివాళ్ళు లేచి నిలబడాలి. డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపేవాళ్ళు, పక్క పిల్లలు తొంగి చూసేవాళ్ళు. పెద్దవాళ్ళ బాకీని పిల్లల నెత్తిన పెట్టే ఆ అలవాటు నుంచి చూస్తే తల్లి ఫోనుకు నేరుగా వచ్చే మెసేజ్ ఎంతో నయం. అయితే రెండూ నడిపే బడులున్నాయి. పొద్దున తల్లికి మెసేజ్, మధ్యాహ్నం పిల్లతో "ఇంట్లో గుర్తు చెయ్యి" అనే మాట.

ఈ సిగ్గు సంగతి మీద పెద్ద చర్చ జరిగింది అమెరికాలో. అక్కడి ప్రభుత్వ బడుల్లో భోజనం అందరికీ ఉచితం కాదు. ఆదాయం కొంత దాటిన ఇళ్ళు కట్టాలి, ఖాతాలో సొమ్ము అయిపోతే యంత్రం ఫోన్ చేస్తుంది. కొన్ని చోట్ల బాకీ ఉన్న పిల్లల చేతుల మీద ముద్ర వేశారు, కొన్ని చోట్ల వేడి అన్నం తీసేసి చల్లని శాండ్‌విచ్ చేతిలో పెట్టారు. దీనికి 'లంచ్ షేమింగ్' అని పేరే వచ్చింది. 2017లో న్యూమెక్సికో రాష్ట్రం దాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది, బాకీ గురించి పిల్లలతో కాక పెద్దలతోనే మాట్లాడాలని అందులో రాసుకున్నారు. కరోనా కాలంలో దేశమంతా ఉచితంగా పెట్టారు, 2022 వేసవితో అది ఆగింది. ఆ తర్వాత కాలిఫోర్నియా, మెయిన్ లాంటి రాష్ట్రాలు సొంత ఖర్చుతో అందరికీ ఉచితం చేసేశాయి. అక్కడ లంచ్ రిమైండర్ అనే వస్తువే మాయమైపోయింది. డబ్బు కట్టించుకునే కంపెనీలు ప్రతి లావాదేవీ మీదా రుసుము పిండుతున్నాయని 2024 జులైలో అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ ఒక నివేదికలో చూపించింది. ఇక్కడ యూపీఐకి ఆ బాధ లేదు, కానీ బడి యాప్‌లో కార్డుతో కడితే 'కన్వీనియన్స్ ఫీజు' అని అడుగున చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. ఎవరి కన్వీనియన్సో రాయరు.

ఏం చేస్తే తగ్గుతుంది

యూపీఐ ఆటోపే పెట్టేస్తే అయిపోతుందని సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు చెబుతారు. నెలనెలా ఖాతాలోంచి దానంతటదే పోతుంది, రిమైండర్ అక్కర్లేదు. జీతం ఖాతా ఉన్న ఇంటికి బాగానే ఉంటుంది. కూలి డబ్బు వచ్చి వచ్చినట్టే ఖర్చయ్యే ఖాతాలో ఆ రోజుకు సొమ్ము లేకపోతే అది ఫెయిలవుతుంది, ఫెయిలైందని ఇంకో మెసేజ్. పైగా తినని రోజుల తగ్గింపు అడగాలంటే అప్పటికే డబ్బు అవతలి చేతిలో ఉంటుంది.

దానికన్నా పాత మెస్ టోకెన్ల పద్ధతిలోనే తెలివి ఎక్కువ. నెలకు కార్డు కొనుక్కుంటే తిన్న పూటకు ఒక గడి కొట్టేస్తారు, మిగిలిన గడులు మిగిలినట్టే. నెల్లూరు మెస్‌లలో తిన్న బ్రహ్మచారులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బడి ఖాతాను కూడా ఇలా తిప్పితే, ముందే కొంత వేసుకోవడం, తిన్న రోజుకు తగ్గడం, అయిదు పూటలు మిగిలినప్పుడు ఒక కబురు. "మీ అమ్మాయికి ఇంకా అయిదు భోజనాలున్నాయి" అన్నది కూడా రిమైండరే. చదివిన తల్లికి ఒళ్ళు మండదు, ఎందుకంటే అందులో ఆమెకు పనికొచ్చే సమాచారం ఉంది, నింద లేదు.

ఇంత మార్పు కుదరని బడికి కూడా చేయగలిగినవి ఉన్నాయి. జమలు రాయడం పూర్తయ్యాకే ఆ రోజు మెసేజ్‌లు వెళ్ళేలా గంట మార్చడం. ఎవరన్నా కట్టామని ఫోన్ చేస్తే, తేలేదాకా ఆ ఖాతాకు మెసేజ్‌లు ఆపే మీట ఒకటి కౌంటర్‌లో ఉండటం. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ మీట ఇప్పటికే ఉంది, దాన్ని నొక్కే అధికారం కౌంటర్ అమ్మాయికి ఇవ్వరు. తల్లిదండ్రుల వైపు నుంచి, కట్టిన వెంటనే రిఫరెన్స్ నంబరుతో పాటు పిల్లవాడి పేరు, తరగతి రాసి పంపడం, రసీదు నంబరు వచ్చేదాకా కట్టినట్టు అనుకోకపోవడం. జగడం వచ్చినప్పుడు "ఎంత పెండింగ్" అని కాక "ఏప్రిల్ నుంచి ఏ తేదీన ఎంత జమైంది, ఏ గడిలో పడింది, కాయితం ఇవ్వండి" అని అడిగితే పది నిమిషాల్లో తేలేది పది రోజులు సాగదు. ఆ కాయితం ప్రింటు తీయడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఒక్క నొక్కు.

ఇదే జిల్లాల్లో ఇంకో లంచ్ బాకీ ఉంది. ప్రభుత్వ బడుల్లో వండిపెట్టే వంట ఏజెన్సీల ఆడవాళ్ళది. కేంద్రం లెక్క ప్రకారం 2025 మే నుంచి ప్రాథమిక తరగతి పిల్లకు పూటకు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత పిల్లకు 10 రూపాయల 17 పైసలు వంట సామాగ్రికి. బియ్యం వేరే వస్తాయి. వంటావిడకు గౌరవ వేతనం నెలకు 3,000. బిల్లులు నెల తిరిగేసరికి రావు. ధర్నాలు జరుగుతాయి, పేపర్లో పడుతుంది, కొన్నాళ్ళకు ఒక నెలదో రెండు నెలలదో వస్తుంది. ఈలోగా పప్పు, నూనె, కూరగాయలు ఊళ్ళో అంగడిలో అప్పు మీద తెచ్చి వండుతారు. ఏ పిల్లలు ఎంతమంది తిన్నారో రోజూ హెడ్మాస్టరు ఫోనులోంచి యాప్‌లో ఎక్కుతూనే ఉంటుంది, కాబట్టి ఆమెకు ఎంత రావాలో కూడా సిస్టమ్‌కు పూట పూటకూ తెలుసు. ఖజానాకు మాత్రం పొద్దున్నే ఏ ఎస్సెమ్మెస్సూ పోదు. అంగడివాడు చిట్టా తిప్పి, పేరు మీద వేలు పెట్టి అడిగేది ఆమెనే.